ది పలక

పుత్తూరు దాటినాక ఏడో స్టాపింగు మా బడి.
చంకలో చుట్టచుట్టిన చార్టు,
తిరుపతి గాంధీరోడ్డులో నలభై రూపాయలు పెట్టి కొన్నది.
పన్నెండు వాయిద్యాలు, కింద పన్నెండు పేర్లు.
గోడకు మేకు లేదు.
కిటికీ ఊచలకు పురికొసతో కట్టి
ఏడో తరగతీ, ఇటు చూడండి అన్నాను.

పియానో. ఎవరూ ఎప్పుడూ చూడలేదు,
అందరూ గట్టిగా చెప్పారు.
ట్రంపెట్. పెండ్లి బ్యాండులో ఉంటాది సార్.
హార్న్...
బయట బెంగళూరా కాయల ట్రాక్టరు
గుజ్జు ఫ్యాక్టరీ దోవలో బర్రెలకు అడ్డం దొరికి
నా బదులు తనే పాఠం చెప్పింది.
ఆ నవ్వుల్లో హార్న్ అందరికీ వచ్చేసింది.
స్పెల్లింగుతో సహా.

ఫ్లూట్ దగ్గర హేమశ్రీ లేచింది.
వాళ్ళ తాత నాదస్వరం విద్వాంసుడు.
"ఇది అడ్డంగా పట్టుకునేది కదా సార్,
నిలువుగా పట్టుకునేదాని పేరేంది?"
చార్టు తిప్పి చూశాను.
వెనకవైపు తెల్లగా ఉంది.

తర్వాత డ్రమ్.
డోలు సార్? డ్రమ్.
పంబ? అదీ డ్రమ్మే.
ఉడుక? తప్పెట? మృదంగం?
డ్రమ్ము, డ్రమ్ము, డ్రమ్ము అంటూ పోయాను,
అయిదిళ్ళకూ ఒకే తాళంచెవి పంచేవాడిలాగా.
ఏ తలుపూ తెరుచుకున్నట్టు లేదు.

చివరి బెంచీ, ముని చరణ్.
వాడు నోరు తెరవడమే అరుదు.
"మా ఇంట్లో పలక ఉండాది సార్."
స్లేట్, అన్నాను. ఎస్, ఎల్, ఏ, టీ, ఈ.
"రాసేది కాదు సార్. కొట్టేది."

నాకు తెలియని మాటేం కాదు.
చిన్నప్పుడు గంగమ్మ జాతరలో
చెవులు గింగురుమనేదాకా దాని వెనకే తిరిగాను,
వీధి మొగలో కాగితాలు మండించి
తోలు కాచి బిగించడం గుడ్లప్పగించి చూశాను.
చేతిలో చాక్‌పీసు ఉంటే మటుకు
ఒక్క పలకే గుర్తొస్తుంది.

ఊదుతాం, మీటుతాం, కొడతాం, వాయిస్తాం.
ఇంగ్లీషు వాడికి అన్నిటికీ ప్లే ఒకటే,
ఆటకూ అదే.
హి ప్లేస్ క్రికెట్. హి ప్లేస్ ది వయొలిన్.
ఆట ముందర ది రాదు, వాయిద్యం ముందర వస్తుంది.
ఎందుకని అడక్కండి, పరీక్షలో ఒక మార్కు.

మరుసటి రోజు నోటు పుస్తకాల్లో
ముని చరణ్ రెండే వాక్యాలు రాసుకొచ్చాడు.
మై ఫాదర్ ప్లేస్ ది పలక.
వెన్ పీపుల్ డై హి ప్లేస్.

"చావు కాడ కూడా ప్లేనేనా సార్?
మా నాయన ఆడుకోడు.
తెల్లార్లూ నిలబడి కొడతాడు.
చేతులు వాస్తాయి."

వ్యాకరణంలో తప్పు లేదు.
ఎర్ర పెన్ను ఆ వాక్యం మీద కాసేపు నిలబడి
తిరిగి మూతలోకి పోయింది.
ది పెట్టడం మరిచిపోలేదురా, బాగుంది, అన్నాను.
ఇంకేం అనాలో తోచక.

హేమశ్రీ చెయ్యెత్తింది.
"నాదస్వరానికి కూడా ది ఉంటాదా సార్?"
ఉంటుంది.
"తప్పెటకు?"
ఉంటుంది.
"అయితే ది అంటే మన గారు లాంటిదా?"

కాదు అని చెప్పాలి.
నిర్దిష్టం, అనిర్దిష్టం, బోర్డు మీద రెండు గళ్ళు గీయాలి.
వెనక బెంచీలో వాడు నా నోటి వంకే చూస్తున్నాడు.
అవునన్నాను.

ఆ మధ్యాహ్నం చార్టు వెనకవైపు
అన్నం తిన్న పళ్ళెం బోర్లించి
చుట్టూ పెన్సిలు తిప్పాడు ముని చరణ్.
కింద ఇంగ్లీషులో పేరు రాశాడు,
రాసే పలకకైనా కొట్టే పలకకైనా
అవే అక్షరాలు.
పళ్ళెం తడి ఆరక కాగితం అక్కడ ఉబ్బింది.

సోమవారం వాడు రాలేదు.
"వడమాలపేటలో చావు సార్.
వాళ్ళ నాయనకు నొప్పులని తోడు పోయినాడు."

హాజరు పట్టీలో వాడి పేరు ఎదురుగా
ఏ అని పెట్టాను.
అదీ ఆర్టికలే.